మన హాస్టల్లో మైకు, ఇంటర్‌కమ్ — ఎలా బిగించాం, ఎలా పనిచేస్తాయి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక బృందం అడిగింది. కవితలు, కథలు రాసే అన్నలు మనలో చాలామంది ఉన్నారు. మాకు కవిత్వం చేతకాదు. మాకు తెలిసింది తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు. అందుకే మన హాస్టల్లో 2024 వేసవి సెలవుల్లో పూర్వ విద్యార్థులం కలిసి బిగించిన మైకు, ఇంటర్‌కమ్ గురించి రాస్తున్నాం. రేపు అది చెడిపోతే బాగుచేసుకోవలసింది మీరే కాబట్టి, లోపల ఏముందో మీకు తెలియాలి.

ముందు మా గురించి ఒక్క మాట. పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే ఉన్నాం. ఇప్పుడు ఎమ్మెస్సీ ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాం. వయసు ఇరవై మూడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేత పట్టుకున్నది మేమే మొదటివాళ్ళం. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఈ వ్యాసంలో ఉన్న లెక్కలు మాకూ ఒకప్పుడు ఎవరూ ఇంట్లో చెప్పలేదనీ, అయినా వచ్చాయనీ మీకు తెలియాలని చెబుతున్నాం.

ఎందుకు బిగించాం?

2023 వానాకాలంలో ఒక రాత్రి సి బ్లాకులో ఆరో తరగతి తమ్ముడికి తేలు కుట్టింది. బయట కుండపోత వాన. సి బ్లాకు పాత కట్టడం, పైన రేకులు. రేకుల మీద వాన పడుతుంటే పక్కవాడి మాటే వినపడదు. గ్రిల్ తాళం గేటు దగ్గర వాచ్‌మన్ వద్ద ఉంది. పిల్లలు కేకలు వేశారు. అన్నం ప్లేట్లతో గ్రిల్‌ను కొట్టారు. ఎవరికీ వినపడలేదు. వాన తెరిపిచ్చాక, దాదాపు నలభై నిమిషాలకు, వాచ్‌మన్ మామ ఆ చప్పుడు విని పరుగున వచ్చాడు. తమ్ముడిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బతికాడు. ఇప్పుడు మీతోపాటే చదువుకుంటున్నాడు.

అప్పటికి మేము హాస్టల్ వదిలి ఐదేళ్ళయింది. విషయం ఫోన్లో తెలిసింది. వార్డెన్ సార్ దగ్గర సెల్ ఉంది, వాచ్‌మన్ దగ్గర సెల్ ఉంది. కానీ పిల్లల దగ్గర సెల్ ఉండదు, ఉండకూడదు కూడా. అంటే పెద్దవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోగలరు, పిల్లలను పిలవగలరు. పిల్లలు మాత్రం పెద్దవాళ్ళను పిలవలేరు. లోపం ఎవరి మనసులోనూ లేదు, మధ్యలో తీగ లేదు, అంతే. ఆ తీగ మనమే వేద్దామని పూర్వ విద్యార్థులం అనుకున్నాం. ఒక్కొక్కరం 500 నుంచి 2,000 రూపాయల దాకా వేసుకున్నాం. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసిన ఇద్దరు అన్నలు కూలి తీసుకోకుండా పనికి వచ్చారు.

రెండూ ఒకటి కాదు

చాలామంది మైకు సెట్టు, ఇంటర్‌కమ్ ఒకటే అనుకుంటారు. కాదు. మైకు సెట్టు ఒకవైపు దారి. ఒకరు మాట్లాడితే అందరూ వింటారు, తిరిగి మాట్లాడలేరు. ఇంటర్‌కమ్ రెండువైపుల దారి. ఇద్దరు మాట్లాడుకుంటారు, మూడోవారికి వినపడదు. భోజనం గంట, స్టడీ అవర్, సెలవు సమాచారం, అగ్నిప్రమాదం వంటివి మైకులో చెప్పాలి. జ్వరం వచ్చింది, నీళ్ళు రావడం లేదు, అమ్మానాన్న గేటు దగ్గరకు వచ్చారు వంటివి ఇంటర్‌కమ్‌లో చెప్పాలి. ఆ రాత్రి సి బ్లాకులో లేనిది రెండోది. అందుకే డబ్బు తక్కువైతే మైకు ఆపుదాం, ఇంటర్‌కమ్ ఆపవద్దు అని మొదటిరోజే తీర్మానించుకున్నాం.

చాటింపు నుంచి మైకు దాకా

మైకు రాకముందు ఊళ్ళల్లో అందరికీ ఒకేసారి సమాచారం చెప్పేది చాటింపు. డప్పు మీద దరువు వేసి, నాలుగు వీధుల కూడలిలో నిలబడి, గొంతెత్తి చెప్పాలి. మనలో చాలామంది తాతలు చేసిన పని అది. మా తాత కూడా చేశాడు. పన్ను కట్టమని, చెరువు తూము ఎత్తుతున్నారని, పంచాయతీ ఉందని ఊరంతా తిరిగి చెప్పాడు. గొంతు ఆయనది, మాట మాత్రం ఎప్పుడూ వేరేవాళ్ళది. తనకు ఏం కావాలో చెప్పడానికి ఆ డప్పు ఎన్నడూ మోగలేదు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాం.

ఇక శాస్త్రం. మైకులో ఒక పల్చని పొర ఉంటుంది. మన మాటకు గాలి కదిలితే ఆ పొర కదులుతుంది. పొరకు అతికించిన సన్నని తీగచుట్ట అయస్కాంతం మధ్యలో ఊగుతుంది. ఊగితే అందులో చిన్న కరెంటు పుడుతుంది. ఇది పదో తరగతి పాఠంలో చదివే ఫారడే సూత్రమే. ఆ కరెంటు మిల్లీవోల్టుల్లో ఉంటుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది. స్పీకర్‌లో ఇదే కథ తిరగబడి జరుగుతుంది. తీగచుట్టలోకి కరెంటు వస్తే అది అయస్కాంతం మధ్య ఊగి కాగితపు శంకువును కదిలిస్తుంది, శంకువు గాలిని కదిలిస్తుంది. ఈ రకం స్పీకర్‌కు నేటి రూపాన్ని 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఇచ్చారు. వందేళ్ళు గడిచినా అసలు సూత్రం మారలేదు.

100 వోల్టుల లైను ఎందుకు?

పెళ్ళిళ్ళకు తెచ్చే మైకు సెట్టులో స్పీకర్లను 8 ఓమ్‌ల మీద నేరుగా కలుపుతారు. దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి అది సరిపోతుంది. మన హాస్టల్‌కు సరిపోదు. ఆఫీసు నుంచి సి బ్లాకు చివరి గదికి తీగ వేస్తే 90 మీటర్ల పైనే పోతుంది. ఎందుకు సరిపోదో లెక్క వేసి చూద్దాం.

1 చదరపు మిల్లీమీటరు రాగితీగ 100 మీటర్ల దూరం వేశామనుకోండి. కరెంటు పోవాలి, తిరిగి రావాలి. కాబట్టి మొత్తం తీగ 200 మీటర్లు. దాని నిరోధం సుమారు 3.5 ఓమ్‌లు. చివర 8 ఓమ్‌ల స్పీకర్ ఉంటే మొత్తం 11.5 ఓమ్‌లు. పంపిన శక్తిలో 3.5 వంతు తీగలోనే వేడిగా పోతుంది. అంటే దాదాపు 30 శాతం. ఇది ఒక్క స్పీకర్‌కే. పది స్పీకర్లు పక్కపక్కన కలిపితే వాటి నిరోధం 0.8 ఓమ్‌లకు పడిపోతుంది. అప్పుడు మాట కంటే తీగ వేడెక్కడమే ఎక్కువ, ఆంప్లిఫయర్ కూడా కాలిపోవచ్చు.

దీనికి పరిష్కారం మన ఊరి పొలాల మీదుగా పోయే కరెంటు లైన్లలోనే ఉంది. దూరం నుంచి కరెంటును 11 వేల వోల్టుల మీద తెచ్చి, ఊరి దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి తగ్గిస్తారు. వోల్టేజీ పెంచితే అదే శక్తికి కరెంటు తగ్గుతుంది. తీగలో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బాగా తగ్గిపోతుంది. మైకు సెట్టులో కూడా అదే పని చేస్తారు. ఆంప్లిఫయర్ వెనుక 4, 8, 16 ఓమ్‌ల పక్కన 70 వోల్టులు, 100 వోల్టులు అని రాసిన స్క్రూలు ఉంటాయి. 100 వోల్టుల స్క్రూ నుంచి లైను తీసి, ప్రతి స్పీకర్ దగ్గర ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. 10 వాట్ల స్పీకర్ ఆ లైనుకు 1000 ఓమ్‌లుగా కనిపిస్తుంది. పది స్పీకర్లు కలిపినా 100 ఓమ్‌లు. అదే 3.5 ఓమ్‌ల తీగ మీద ఇప్పుడు నష్టం 3.5 శాతం లోపే. తీగ అదే, దూరం అదే, పద్ధతి మార్చామంతే.

మన హాస్టల్ లెక్క

స్పీకర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండు మూడు ట్యాపులు ఉంటాయి. 10 వాట్లు, 5 వాట్లు, 2.5 వాట్లు అని దాని మీదే రాసి ఉంటుంది. ఏ గదికి ఎంత కావాలో అంత ట్యాపుకు కలుపుకోవాలి. మనం ఇలా వేశాం:

బి బ్లాకు 8 గదులు, గదికి 5 వాట్లు: 40 వాట్లు
సి బ్లాకు 4 గదులు, గదికి 5 వాట్లు: 20 వాట్లు
స్టడీ హాలు, 2 స్పీకర్లు, ఒక్కోటి 10 వాట్లు: 20 వాట్లు
భోజనశాల, 2 స్పీకర్లు, ఒక్కోటి 10 వాట్లు: 20 వాట్లు
ఆటస్థలం, 1 హారన్: 20 వాట్లు
మొత్తం: 120 వాట్లు

ఆంప్లిఫయర్ మీద రాసిన వాట్లలో 80 శాతానికి మించి బరువు వేయకూడదని పనివాళ్ళ లెక్క. 120ని 0.8తో భాగిస్తే 150. అందుకని 160 వాట్ల ఆంప్లిఫయర్ తీసుకున్నాం. రేపు ఎవరైనా కొత్త గదికి స్పీకర్ పెట్టాలంటే 8 వాట్లు మాత్రమే మిగిలి ఉన్నాయని గుర్తుంచుకోండి. అంటే 5 వాట్లది ఒకటి పెట్టవచ్చు, రెండు పెట్టకూడదు.

ఆటస్థలంలో పెద్ద హారన్ ఒకటి పెట్టి గట్టిగా మోగిస్తే గదుల్లోకి వినపడదా అని కొందరు అడిగారు. వినపడుతుంది, అర్థం కాదు. బయట ఖాళీలో దూరం రెండింతలైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. అంటే దూరం రెండింతలైన నష్టం పూడ్చడానికి నాలుగింతల వాట్లు కావాలి. అందుకే దూరం నుంచి అరిచే ఒక పెద్ద గొంతు కంటే, దగ్గర నుంచి మెల్లగా చెప్పే చిన్న గొంతులు పది మేలు.

హారన్ ఒక్కటే పెట్టడానికి ఇంకో కారణం ఉంది. శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. ఆటస్థలం రెండు చివరలా రెండు హారన్లు పెడితే, ఒకదాని దగ్గర నిలబడిన వాడికి రెండోదాని మాట ఆలస్యంగా వస్తుంది. 35 మీటర్ల తేడాకే సెకనులో పదో వంతు ఆలస్యం. ఒకే మాట రెండుసార్లు వినపడి గజిబిజి అవుతుంది. జాతరల్లో మైకు మాట అర్థం కాకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

తీగలు లాగిన పద్ధతి

ముందు కాగితం మీద హాస్టల్ నక్షా గీసుకున్నాం. తర్వాత టేపు పట్టి నడిచాం. కాగితం మీద 70 మీటర్లు అనుకున్నది గోడల మలుపులతో 90 దాటింది. తీగ కొనేముందు నడిచి కొలవండి.

స్పీకర్ లైనును, టెలిఫోన్ తీగను, 230 వోల్టుల కరెంటు తీగను ఒకే పైపులో వేయకూడదు. కరెంటు తీగ పక్కన మైకు తీగ నడిస్తే స్పీకర్లో గుయ్యిమని 50 సైకిళ్ళ హోరు వస్తుంది. పైగా లోపల తీగ తోలు పోయి కలిస్తే ప్రాణాల మీదకు వస్తుంది. మేము రెండు పైపుల మధ్య అడుగు దూరం ఉంచాం. దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించాం. బ్లాకుల మధ్య అడుగున్నర లోతు కాలువ తవ్వి పీవీసీ పైపు వేశాం. ఆ కాలువ తవ్వినప్పుడు మా నాన్న కూడా వచ్చాడు. మట్టి పని ఆయనకు వచ్చినంత బాగా మాకు రాదు. నీళ్ళు నిలవకుండా పైపును ఎటు వాల్చాలో ఆయనే చూపించాడు.

స్పీకర్ తీగలు రెండింటిలో ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. అన్ని స్పీకర్లకు ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే పోవాలి. హాలులో ఉన్న రెండు స్పీకర్లలో ఒకదానికి తిరగబడితే, ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతుంది. మధ్యలో కూర్చున్న వాళ్ళకు మాట పలచబడుతుంది. స్పీకర్లు చెడిపోలేదు, ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నాయి అన్నమాట.

మైకు తీగ మాత్రం వేరు. లోపల రెండు తీగలు, చుట్టూ అల్లిన కవచం ఉంటాయి. లోపలి రెండు తీగల్లోనూ మాట ఎదురెదురు దిశల్లో పోతుంది. బయటి రొద రెండింటిలోనూ ఒకేలా చేరుతుంది. ఆంప్లిఫయర్ రెండింటి తేడాను తీసుకుంటుంది కాబట్టి రొద రద్దవుతుంది, మాట మిగులుతుంది.

ఇంటర్‌కమ్ లోపల

మన ఇంటర్‌కమ్ గుండెకాయ ఆఫీసు గోడకున్న చిన్న ఎక్స్చేంజి పెట్టె. ఎనిమిది ఫోన్లు: ఆఫీసు, వార్డెన్ సార్ గది, వంటగది, గేటు, జబ్బు గది, బి బ్లాకు కింద, బి బ్లాకు పైన, సి బ్లాకు. ప్రతి ఫోన్‌కు రెండే తీగలు. ఆ రెండూ పురి తిప్పి ఉంటాయి, ఇది కూడా రొద రద్దు కావడానికే.

రిసీవర్ పెట్టి ఉన్నప్పుడు ఆ తీగల మధ్య మన పెట్టెలో 48 వోల్టులు ఉంటాయి. రిసీవర్ ఎత్తగానే కరెంటు పారి వోల్టేజీ పడిపోతుంది. దాన్ని బట్టి ఎక్స్చేంజికి ఎవరో ఎత్తారని తెలిసి డయల్ టోన్ ఇస్తుంది. అంకె నొక్కితే రెండు స్వరాలు కలిసి పోతాయి. ఉదాహరణకు 1 నొక్కితే 697, 1209 సైకిళ్ళ స్వరాలు. అవతలి ఫోన్ మోగించడానికి ఎక్స్చేంజి 75 వోల్టుల దాకా ఏసీ పంపుతుంది. ఫోన్ తీగే కదా అని పళ్ళతో తోలు పీకే తమ్ముళ్ళూ, జాగ్రత్త! అదే సమయంలో ఎవరైనా ఫోన్ చేస్తే గట్టిగా తగులుతుంది.

కేబుల్లో చాలా జతలు ఉంటాయి కాబట్టి రంగులు గుర్తుంచుకోవాలి. మొదటి ఐదు జతల్లో ఒక తీగ తెలుపు, దానికి జోడీ వరుసగా నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద. సి బ్లాకుది తెలుపు-నీలం జత. మొదటి జత దానికే ఇచ్చాం.

ఇలా మధ్యలో మనిషి లేకుండా ఫోన్ కలిపే ఎక్స్చేంజికి 1891లో అమెరికాలో పేటెంటు పొందినవాడు ఆల్మన్ స్ట్రౌజర్. ఆయన ఇంజనీరు కాదు, అంత్యక్రియలు జరిపించే వ్యాపారి. టెలిఫోన్ ఆపరేటరు తనకు రావలసిన కాల్స్‌ను పోటీదారుకు కలుపుతోందనే కోపంతో కనిపెట్టాడని చెబుతారు. మధ్యలో ఒకరి దయ మీద ఆధారపడకుండా ఉండాలన్న పట్టుదల ఎంత పని చేయిస్తుందో చూడండి.

సి బ్లాకు ఫోన్‌కు ఒక ప్రత్యేకత పెట్టాం. రిసీవర్ ఎత్తి ఐదు సెకన్లు ఊరుకుంటే చాలు, వార్డెన్ సార్ గదిలో దానంతటదే మోగుతుంది. దీన్ని హాట్‌లైన్ అంటారు. భయంలో ఉన్న చిన్నపిల్లాడికి అంకెలు గుర్తురావు. కరెంటు పోయినా ఎక్స్చేంజి ఆగకుండా ఇన్వర్టర్‌కు కలిపాం. ఆపద ఎప్పుడూ కరెంటు చూసి రాదు కదా.

మేము చేసిన తప్పు

అన్నీ బిగించి, సాయంత్రం అందరినీ పిలిచి స్విచ్ వేశాం. మైకులో "హలో" అనగానే టప్పుమని ఫ్యూజు పోయింది. ఇంకో ఫ్యూజు వేశాం, అదీ పోయింది. పిల్లలు నవ్వారు. మా ముఖాలు పాలిపోయాయి.

బ్లాకుల లైన్లు ఆంప్లిఫయర్ దగ్గర విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఒక్కోటి విప్పి చూశాం. తప్పు బి బ్లాకులో ఉంది. ఎనిమిది గదులు. ఒక్కో గదీ విప్పుకుంటూ పోకుండా లైనును సరిగ్గా మధ్యలో విడదీసి, రెండు సగాలనూ మల్టీమీటరుతో చూశాం. ఒక సగం మామూలుగా ఉంది, ఒక సగం మరీ తక్కువ చూపింది. తక్కువ చూపిన నాలుగు గదులను మళ్ళీ సగం, ఆ రెండింటిని మళ్ళీ సగం. మూడే మూడు కొలతల్లో గది దొరికింది. అక్కడ మీటరు 7 ఓమ్‌ల లోపు చూపింది. మిగతా గదుల్లో స్పీకర్ వందకు అటూఇటూ చూపింది. పరిశీలిస్తే, ఒక స్పీకర్ తక్కువైందని మాలోనే ఒకరం ఇంటి నుంచి తెచ్చిన పాత టేప్‌రికార్డర్ బాక్సును అక్కడ బిగించాం. దానికి ట్రాన్స్‌ఫార్మర్ లేదు. 100 వోల్టుల లైను మీద 8 ఓమ్‌ల స్పీకర్ అంటే 12 ఆంపియర్ల పైన లాగుతుంది. ఆ ఒక్కటి లైనునంతా మింగేసింది.

ఇక్కడ ఇంకో సంగతి. మల్టీమీటరు ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్ట నిరోధాన్ని మాత్రమే చూపుతుంది. లైను అసలు బరువు తెలియాలంటే ఇంపెడెన్స్ మీటరు కావాలి. దానితో చూస్తే మన లైను 83 ఓమ్‌ల దగ్గర ఉండాలి. 160 వాట్ల ఆంప్లిఫయర్‌కు 62.5 ఓమ్‌ల కంటే తక్కువ ఎప్పుడూ రాకూడదు. పదివేలను వాట్లతో భాగిస్తే ఈ అంకె వస్తుంది. కాగితం మీద మీరే చేసి చూడండి.

మైకు ముందు నిలబడేవాళ్ళకు

మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉండాలి. "హలో హలో" అంటూ వేలితో కొట్టడం, ఊదడం చేయకూడదు. పల్చని పొర దెబ్బతింటుంది. కుయ్యిమని కూత వస్తే స్పీకర్ మాట మళ్ళీ మైకులోకి దూరి తిరుగుతోందని అర్థం. మైకును చేత్తో మూసేస్తే కూత పెరుగుతుందే గాని తగ్గదు. స్పీకర్‌కు దూరంగా జరగాలి, లేదా వాల్యూమ్ తగ్గించాలి. ముందు గంట మోగించి, రెండు సెకన్లు ఆగి, ఒక్కో విషయాన్ని రెండుసార్లు, మెల్లగా చెప్పాలి.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల వరకు ప్రశాంత మండలంగా ప్రకటించవచ్చు. అలాంటి చోట పగటి పరిమితి 50 డెసిబెల్సే. కాబట్టి ఆటస్థలం హారన్ ఆటల పోటీలకు, జెండా పండుగకు మాత్రమే. దానికి విడిగా స్విచ్ పెట్టాం, రోజూ ఆపేసి ఉంచాలి.

నిబంధనల్లో లేనిది, మేమే రాసుకున్నది ఒకటి ఉంది. ఎవరి మార్కులు, ఎవరి జబ్బు, ఎవరి స్కాలర్‌షిప్ బాకీ, ఎవరి ఇంటి సంగతి మైకులో చెప్పరాదు. ఎవరినైనా పిలవాలంటే పేరు పెట్టి "ఆఫీసుకు రావాలి" అంటే చాలు. మాలో ఒకడికి ఏడో తరగతిలో, వేరే బడిలో, ఫీజు కట్టలేదని ప్రార్థన సమయంలో మైకులో పేరు చదివారు. పదేళ్ళు దాటినా వాడికి ఆ తేదీ గుర్తుంది. మైకు మాటను పెద్దది చేస్తుంది, అవమానాన్ని కూడా అంతే పెద్దది చేస్తుంది.

అలాగే గదిలోని మాటలు ఆఫీసుకు వినపడే రకం స్పీకర్లు కూడా దొరుకుతాయి. అవి వద్దనుకున్నాం. వార్డెన్ సార్ కూడా ఒప్పుకున్నారు. పిల్లలు పిలిస్తే పెద్దలకు వినపడాలి. పిలవనప్పుడు వాళ్ళ కబుర్లు వాళ్ళవి.

ఇక మీ చేతుల్లో

నెలకొకసారి ఎనిమిది ఫోన్లూ ఎత్తి చూడండి. వానాకాలం ముందు జంక్షన్ పెట్టెలు విప్పి తడి, చీమలు లేకుండా తుడవండి. చేయి పెట్టే ముందు ఆంప్లిఫయర్ ఆపి, ప్లగ్గు పీకండి. 100 వోల్టుల లైను షాకు కొడుతుంది. ప్లగ్గుకు మూడో పిన్ను, అంటే ఎర్తు, ఎప్పుడూ తీసేయవద్దు. నక్షా, రంగుల పట్టిక, ట్యాపుల లెక్క ఆంప్లిఫయర్ బీరువా తలుపు లోపల అంటించాం. ఏ మార్పు చేసినా అందులో తేదీతో రాయండి. రాయని మార్పు తర్వాత వచ్చేవాడికి శాపం.

ఫ్యూజు మార్చి, బాక్సు తీసేసి, ఆ రాత్రి మళ్ళీ స్విచ్ వేసినప్పుడు అన్ని గదుల్లోనూ మాట పలికింది. పిల్లలు ఒక్కొక్కరే మైకు ముందుకు వచ్చి తమ పేరు, ఊరి పేరు చెప్పారు. ఎవరూ రాసివ్వలేదు, ఎవరి మాటా మోయలేదు. మా తాత ఉంటే బాగుండేదనిపించింది.

అదే రాత్రి పడుకోబోయే ముందు వార్డెన్ సార్ గదిలో ఫోన్ మోగింది. సి బ్లాకు నుంచి. సార్ గబుక్కున ఎత్తి, "ఎవర్రా, ఏమైంది?" అన్నారు. మేమూ పక్కనే ఉన్నాం. అవతల ఉన్నది తేలు కుట్టిన తమ్ముడు.

"ఏమీ కాలేదు సార్. ఎత్తితే నిజంగా పలుకుతారో లేదో అని చూశాను" అన్నాడు.

సార్ కోప్పడలేదు. "పలుకుతాను. పడుకో నాన్నా" అన్నారు.

తమ్ముళ్ళూ, ఆ ఫోన్ ఎప్పుడూ పలికేలా చూసుకోవడం ఇక మీ బాధ్యత. లెక్కలు పైన రాశాం. సందేహం వస్తే అడగండి, సెలవులకు వచ్చినప్పుడు కలిసి విప్పి చూద్దాం.